తల్లులు పోయారు, పిన్నమ్మలు మిగిలారు

1945 ఏప్రిల్. జర్మనీలోని డోరా నిర్బంధ శిబిరాన్ని వదిలేసి నాజీ కాపలావాళ్ళు పారిపోయారు. లిలీ జాకబ్ అనే పంతొమ్మిదేళ్ళ యూదు అమ్మాయికి టైఫస్ జ్వరం. నిలబడే ఓపిక కూడా లేదు. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన గదిలో ఒంటిమీదికి వెచ్చగా ఏమైనా దొరుకుతుందేమోనని బీరువా వెతికింది. దొరికింది ఒక ఫొటో ఆల్బం. పేజీ తిప్పితే తన ఊరి రబ్బీ, అంటే యూదు మతగురువు. ఇంకో పేజీలో తన చిన్న తమ్ముళ్ళు ఇజ్రాయెల్, జెలిగ్, కోట్లూ టోపీలూ వేసుకుని. 1944 మే నెలాఖరులో, జర్మన్ ఆక్రమణలోని పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ మరణశిబిరంలో రైలు దిగిన రోజున, ఎస్సెస్ (నాజీ పార్టీ సాయుధ దళం) ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలవి. అమ్మ, నాన్న, అయిదుగురు తమ్ముళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

సుమారు 190 ఫొటోలున్న ఆ పుస్తకాన్నే ఇప్పుడు ఆష్విట్జ్ ఆల్బం అంటున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ అధికారుల మీద జరిగిన విచారణలో లిలీ 1964లో సాక్ష్యం చెప్పినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్ళింది. 1980లో జెరూసలేంలోని యాద్ వషేం స్మారక సంస్థకు ఇచ్చేసింది. ఆ ఆల్బంలో ఒక్కో విభాగానికీ జర్మన్‌లో శీర్షిక రాసి ఉంటుంది. ఒకటి ‘ఇంకా పనికొచ్చే ఆడవాళ్ళు’. ఇంకొకటి ‘ఇక పనికిరాని ఆడవాళ్ళు, పిల్లలు’. హోలోకాస్ట్ నుంచి, అంటే నాజీలు సాగించిన యూదుల సామూహిక హత్యాకాండ నుంచి, బతికి బయటపడ్డ పిన్నినో మేనత్తనో తలుచుకునే కుటుంబాల కథలు చాలావరకు ఈ రెండు శీర్షికల దగ్గరే మొదలవుతాయని నాకనిపిస్తుంది.

అలాంటి కుటుంబాల జ్ఞాపకాలు నాలుగైదు చదివితే చాలు, ఒక పోలిక కంటబడుతుంది. బతికింది అమ్మమ్మ కాదు, ముగ్గురు పిల్లల తల్లి అయిన పెద్దమ్మ కాదు. అప్పటికి పదిహేడో ఇరవయ్యో ఉన్న, పెళ్ళికాని చిన్న పిన్ని. ఆమె గట్టి మనిషి కాబట్టి బతికిందని ఇంట్లోవాళ్ళు చెప్పుకుంటారు. ఆమె మాత్రం అదృష్టం అని ఊరుకుంటుంది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ధైర్యానికీ అదృష్టానికీ అవకాశం దక్కకముందే ఒక లెక్క పనిచేసింది. వయసెంత, చంకలో బిడ్డ ఉందా, ఏ ఊరు, ఏ నెల. ఆ లెక్క అర్థం కాకపోతే ఆమె ఎందుకు అంతకాలం మాట్లాడలేదో కూడా అర్థం కాదు.

ఏ ఊరు, ఏ నెల అన్నదానికి హంగరీని మించిన ఉదాహరణ లేదు. పోలండ్ యూదుల్లో అత్యధికులు 1943 ముగిసేసరికే హతమైపోయారు. హంగరీ జర్మనీకి మిత్రదేశం. అక్కడ యూదుల మీద ఆంక్షలున్నాయి, మగవాళ్ళను నిర్బంధ శ్రమదళాల్లోకి లాక్కెళ్ళారు, వేలమంది చనిపోయారు కూడా. అయినా కుటుంబాలు మొత్తమ్మీద ఇళ్ళల్లోనే ఉన్నాయి. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించింది. యూదుల తరలింపులు నడిపించిన ఎస్సెస్ అధికారి ఐక్‌మన్ వెంట వచ్చిన బృందం చిన్నదే. ఇళ్ళల్లోంచి జనాన్ని లాగి, ఘెట్టోల్లోకి (యూదుల్ని బంధించి ఉంచిన పేటల్లోకి) తోసి, రైలెక్కించిన పని చేసింది హంగరీ పోలీసులే. మే 15 నుంచి జులై 9 దాకా, ఎనిమిది వారాల్లో, దాదాపు 4,40,000 మందిని తరలించారు. వాళ్ళలో ఇంచుమించు అందరూ ఆష్విట్జ్‌కే. ముందు ఖాళీ చేసింది పల్లెలూ చిన్న పట్టణాలూ. బుడాపెస్ట్ వంతు వచ్చేలోపు, జులై 7న, పాలకుడు హోర్తీ తరలింపులు ఆపించాడు. అందుకే రాజధానిలో ఉన్న అక్క తన ఇంట్లోనే ఉండిపోయి, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న చెల్లెలు ఆష్విట్జ్‌కు పోయిన కుటుంబాలు కనబడతాయి. బుడాపెస్ట్‌లో ఉన్నవాళ్ళు క్షేమంగా ఉన్నారని కాదు. ఆ అక్టోబరులో ఆరో క్రాస్ అనే హంగరీ ఫాసిస్టు పార్టీ మూకలు అధికారంలోకి వచ్చి, మనుషుల్ని డాన్యూబ్ ఒడ్డున నిలబెట్టి కాల్చి నదిలో పడేశాయి.

రైలు ఆగిన చోటు సంగతి. ఆష్విట్జ్‌లో భాగమైన బిర్కెనావ్ శిబిరం లోపలికే కొత్త పట్టాలు వేసి, హంగరీ రైళ్ళు వచ్చే సమయానికి సిద్ధం చేశారు. దిగిన చోటునుంచి గ్యాస్ చాంబర్లకు, అంటే విషవాయువుతో చంపే గదులకు, నడిచి వెళ్ళిపోయేంత దూరం. దిగగానే రెండు వరసలు. ఒకవైపు మగవాళ్ళు, పెద్ద మగపిల్లలు. రెండోవైపు ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. నాన్నలు చాలామంది అప్పటికే శ్రమదళాల్లో ఉన్నారు కాబట్టి పిల్లల భారమంతా తల్లుల మీదే. ఎస్సెస్ డాక్టరు ముందుకు వరస కదులుతుంది. ఒక్కో మనిషికి కొన్ని సెకన్లు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు దాదాపు అందరూ మరణం వైపుకే. వాళ్ళ చెయ్యి పట్టుకున్న తల్లి ఆరోగ్యంగా ఉన్నా, ఇరవై ఐదేళ్ళదైనా, పిల్లలతోపాటే అటే. తల్లినీ బిడ్డనీ విడదీస్తే గొడవ జరుగుతుంది, పని ఆలస్యమవుతుంది. ఆ గొడవ లేకుండా ఉండటానికి పనిచేయగల తల్లిని కూడా చంపేయడమే సులువని వాళ్ళు లెక్కవేసుకున్నారు. హంగరీ నుంచి వచ్చినవాళ్ళలో సుమారు నలుగురికి ముగ్గుర్ని దిగిన రోజే, లేదా మర్నాటికల్లా, చంపేశారు.

మిగిలిన నాలుగో మనిషి ఎవరు? పదహారు నుంచి నలభై మధ్య వయసు, చేతుల్లో బిడ్డ లేదు. ఆమే పిన్ని.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. చాలామంది సాక్ష్యాల్లో వస్తుంది. రైళ్ళు ఖాళీ చేసే పనిలో పెట్టిన ఖైదీలు సామాను దించుతూ, కాపలావాళ్ళకు వినబడకుండా, దిగినవాళ్ళ చెవిలో ఒకటి రెండు మాటలు వేసేవారు. పదమూడేళ్ళ పిల్లకు: పదహారని చెప్పు. యువతికి: బిడ్డను మీ అమ్మ చేతికివ్వు. ఎందుకో చెప్పే వీలు లేదు. కొందరు ఇచ్చారు, కొందరు ఆ మాటకు కోపగించుకుని బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకున్నారు. అక్క కొడుకును ఎత్తుకుని నడుస్తున్న చెల్లెలు ఆ ఒక్క నిమిషంలో బిడ్డను అక్కకు అందించి ఉంటే, ఆమె ఆ తరవాత బతికిన యాభై అరవై ఏళ్ళలో ఆ నిమిషం ఎన్నిసార్లు తిరిగొచ్చి ఉంటుందో ఊహించవచ్చు. ఆమె తప్పేమీ లేదని మనం అనొచ్చు. మనం అనడంవల్ల ఆమెకు ఒరిగేది పెద్దగా లేదు.

చేతిమీద నంబరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన తల్లిదండ్రులు వాషింగ్టన్ చూడబోయినప్పుడు అక్కడి హోలోకాస్ట్ మ్యూజియానికీ వెళ్తుంటారు. బయటికొచ్చేటప్పటికి మనసులో నిలిచేవాటిలో ఒకటి పచ్చబొట్టు నంబరు. దాంతో నంబరు ఉంటేనే నిజమైన బాధితురాలన్న అపోహ పాతుకుపోయింది. ఖైదీలకు నంబర్లు పచ్చబొట్టుగా పొడిచింది ఆష్విట్జ్ శిబిర సముదాయంలో మాత్రమే. అక్కడ కూడా, నేరుగా గ్యాస్ చాంబర్లకు పంపినవాళ్ళకు ఏ నంబరూ వెయ్యలేదు. 1944 వేసవిలో వచ్చిన హంగరీ ఆడవాళ్ళలో వేలమందిని వేరే శిబిరాల ఫ్యాక్టరీలకు పంపే సరుకుగా, తాత్కాలికంగా బారకుల్లో ఉంచారు. వాళ్ళను రిజిస్టరులో ఎక్కించలేదు, పచ్చబొట్టూ పొడవలేదు. అందుకని ఆష్విట్జ్‌లో ఉండి వచ్చిన పిన్ని చెయ్యి ఏ మచ్చా లేకుండా ఉండవచ్చు. ‘నీకు నంబరు లేదేం?’ అని చుట్టాలే అడిగిన సందర్భాలున్నాయి.

పనికి ఎంచుకోవడం అంటే బతకనివ్వడం కాదు, చావును వాయిదా వెయ్యడం. ఆయుధాల ఫ్యాక్టరీలు, కందకాల తవ్వకం, ఆకలి, మళ్ళీ మళ్ళీ ఎంపికలు. 1945 జనవరి నడుమ రష్యన్ సైన్యం దగ్గరపడుతుంటే దాదాపు 56,000 మంది ఖైదీల్ని మంచులో పడమరకు నడిపించారు. నడవలేనివాళ్ళను దారిలోనే కాల్చేశారు. జనవరి 27న సైన్యం ఆష్విట్జ్ చేరేసరికి అక్కడ మిగిలింది సుమారు 7,000 మంది. ఈ దశలో ఆడవాళ్ళు ఎలా నిలిచారంటే, సాక్ష్యాలు చాలావరకు ఒకే మాట చెబుతాయి: జంటగా. అక్కాచెల్లెళ్ళు, పినతల్లి బిడ్డలు, ఎవరూ లేకపోతే బారకులో పక్కన పడుకున్న అమ్మాయి. రొట్టె సగం చేసుకోవడం, తెల్లారి హాజరు పట్టీ వేళ ఒకరు కూలిపోకుండా ఇంకొకరు భుజంతో ఆనించి పట్టుకోవడం. శిబిరపు అక్కాచెల్లెళ్ళు అని పరిశోధకులు వీళ్ళ గురించి ప్రత్యేకంగా రాశారు. ఒక్కతే ఉండి బతికినవాళ్ళు లేరని కాదు, తక్కువ.

ఆమెను పిన్నీ అని పిలవడానికి పిల్లలెక్కణ్ణుంచి వచ్చారన్న సందేహం రావాలి. అక్క పిల్లలంతా పోయారు కదా. కొందరు యుద్ధానికి ముందే అమెరికాకో పాలస్తీనాకో వెళ్ళిపోయిన అన్న పిల్లలు. కొందరు శ్రమదళంలో బతికి వచ్చిన తమ్ముడికి ఆ తరవాత పుట్టినవాళ్ళు. ఇంకొందరు రక్తసంబంధమే లేనివాళ్ళు. అమ్మ శిబిరపు స్నేహితురాలినే పిన్నీ అని పిలుస్తూ పెరిగారు. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ అంటూ ఎవరూ లేని ఇళ్ళల్లో పండక్కి వచ్చే చుట్టాలు వీళ్ళే. ఆమె కన్నుమూశాక వంశవృక్షం గీద్దామని కూర్చున్నప్పుడు, ఆ పిన్నికీ తమకూ ఏ గీతా కలవదని తెలిసి నోరెళ్ళబెట్టినవాళ్ళు ఉన్నారు.

విడుదల అనగానే మనకు గేట్లు తెరుచుకోవడం, జెండాలు గుర్తొస్తాయి. బెర్గెన్-బెల్సెన్‌ను బ్రిటిష్ సైన్యం 1945 ఏప్రిల్ 15న చేరినప్పుడు లోపల దాదాపు 60,000 మంది ఉన్నారు. పాతిపెట్టని శవాలు వేలల్లో ఉన్నాయి. విడుదలయ్యాక చనిపోయినవాళ్ళే సుమారు 13,000. బతికినవాళ్ళు ముందు చేసిన పని జాబితాలు చదవడం. గోడలకంటించిన జాబితాలు, రైల్వే స్టేషన్లలో వచ్చేపోయేవాళ్ళను పట్టుకుని అడగడం, రెడ్‌క్రాస్ వాకబు ఫారాలు. సొంత ఊరికి వెళ్తే ఇంట్లో ఇంకెవరో కాపురం ఉన్నారు. పోలండ్‌లోని కెల్త్సెలో 1946 జులై 4న, యుద్ధం ముగిసిన ఏడాదికి, అల్లరిమూకలు 42 మంది యూదుల్ని చంపాయి. వెనక్కి వెళ్ళడమనే ఆశ చాలామందికి అక్కడితో పోయింది. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లోని శరణార్థి శిబిరాల్లో రెండున్నర లక్షల మంది దాకా యూదులు గుమిగూడారు. వాటిలో పెద్దది బెల్సెన్ పక్కనే, పాత సైనిక బారకుల్లో. అక్కడ త్వరత్వరగా పెళ్ళిళ్ళు జరిగాయి, రెండు వేలకు పైగా పిల్లలు పుట్టారు. తూర్పు ఐరోపా యూదుల్లో పోయినవాళ్ళ పేరు పిల్లలకు పెట్టడం ఆనవాయితీ. ఆ శిబిరాల్లో ఉయ్యాలల నిండా చనిపోయిన అమ్మమ్మల పేర్లే.

ఇక మౌనం సంగతి. ‘పాపం, తట్టుకోలేక మాట్లాడలేదు’ అనడం తేలిక. మాట్లాడబోతే ఎవరు విన్నారు అన్నది అసలు ప్రశ్న. న్యూయార్క్ చుట్టాలు ‘గతం మర్చిపో, కొత్త జీవితం మొదలెట్టు’ అన్నారు. కొత్తగా ఏర్పడ్డ ఇజ్రాయెల్‌లో ఘెట్టోలో తుపాకి పట్టినవాళ్ళు వీరులు, శిబిరాల్లోంచి వచ్చినవాళ్ళ మీద జాలితోపాటు చిన్నచూపు కూడా. ‘అంతమంది పోతే నువ్వెలా బతికావు’ అన్న ప్రశ్నలో అనుమానం దాక్కుని ఉండేది. మాట్లాడమని గట్టిగా అడిగిన మొదటి చోటు కూడా ఆదరణ ఉన్న చోటు కాదు. పరిహారం ఆఫీసు. 1950లలో పశ్చిమ జర్మనీ తెచ్చిన పరిహార చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న రోజుకు 5 మార్కులు. ఆరోగ్యం చెడినందుకు పింఛను కావాలంటే పనిచేసే శక్తి కనీసం 25 శాతం తగ్గిందని, అది శిబిరం వల్లే తగ్గిందని డాక్టర్ల ముందు రుజువు చేసుకోవాలి. పీడకలలు, నిద్రలేమి, కుంగుబాటు ఆమె పుట్టుస్వభావమేనని రాసిన డాక్టర్లు తక్కువమంది కాదు. న్యూయార్క్‌లో విలియం నీడర్లాండ్ లాంటి మనోవైద్యులు 1960లలో దీన్ని ప్రత్యేక లక్షణాల సముదాయంగా వివరించి వాదించాల్సి వచ్చింది. తనవాళ్ళను చంపిన దేశపు గుమస్తాకు తన బాధ నిజమేనని ఫారం నింపి చూపించడం కన్నా నోరు మూసుకోవడమే మేలని వదిలేసుకున్నవాళ్ళున్నారు.

1961లో జెరూసలేంలో ఐక్‌మన్ విచారణ జరిగింది. వందమందికి పైగా సాక్షులు బోనెక్కారు, రేడియోలో జనం విన్నారు. ఆ తరవాత వినే చెవులు మెల్లగా పెరిగాయి. యేల్ యూనివర్సిటీలో ఉన్న వీడియో సాక్ష్యాల సేకరణ 1979లో మొదలైంది. 1994లో మొదలైన షోవా ఫౌండేషన్ దగ్గర ఇప్పుడు 55,000కు పైగా సాక్ష్యాలున్నాయి. పిన్ని మాట్లాడింది ఎక్కువగా అప్పుడే, డెబ్బై ఏళ్ళ వయసులో, హాల్లో లైట్లు పెట్టి ఎవరో కొత్తవాళ్ళు అడుగుతుంటే. పక్కగదిలో కూర్చున్న కూతురు ఆ రోజే మొదటిసారి విన్నది.

ఆ మాటల్ని కాగితాలతో పోల్చి చూసుకునేవాళ్ళకు చిక్కులు ఎదురవుతాయి. ‘నన్ను ఎంపిక చేసింది మెంగెలే’ అని చాలామంది చెబుతారు. మెంగెలే అక్కడి పేరుమోసిన ఎస్సెస్ డాక్టరు. ఎంపిక డ్యూటీ డాక్టర్లు వంతులవారీగా చేశారు, అన్ని రైళ్ళ దగ్గరా అతనొక్కడే ఉండే అవకాశం లేదు. పేరు తరవాత విన్నారు, ముఖానికి తగిలించుకున్నారు. యేల్ సేకరణ స్థాపకుల్లో ఒకరైన మనోవైద్యుడు డోరి లౌబ్ ఒక సంగతి రాశారు. 1944 అక్టోబరులో ఆష్విట్జ్‌లో ఖైదీలు తిరగబడ్డ రోజున శవాలు కాల్చే కొలుముల పొగగొట్టాలు నాలుగు పేలిపోయాయని ఒకామె చెప్పింది. పేలింది ఒకటే. ఆమె మాట నమ్మలేమని చరిత్రకారులన్నారు. ఆ చోట అసలు తిరుగుబాటు జరగగలదని ఎవరూ ఊహించని రోజుల్లో అది జరిగిందని ఆమె సాక్ష్యమిస్తోందని లౌబ్ అన్నారు. నా మటుకు ఇద్దరూ కావాలి. పొగగొట్టాలు లెక్కపెట్టేవాళ్ళు లేకపోతే ఇదంతా కట్టుకథ అనేవాళ్ళకు పండగే.

కాగితాలేమో తప్పులు లేనివని కాదు. ప్లాట్‌ఫాం మీద పద్నాలుగుకు బదులు పదిహేడని చెప్పిన పిల్ల వయసు శిబిరం కార్డులో పదిహేడుగానే ఎక్కింది. యుద్ధం తరవాత పదహారేళ్ళలోపు అనాథల్ని బ్రిటన్ తీసుకుంటోందని తెలిసి కొందరు వయసు తగ్గించి రాయించుకున్నారు. ఒకే మనిషికి మూడు పుట్టిన సంవత్సరాలు. పేరు హంగరీ వరసలో ఇంటిపేరు ముందు, జర్మన్ గుమస్తా రాస్తే ఇంకోలా, అమెరికా చేరాక మరోలా. జర్మనీలోని బాడ్ ఆరోల్సెన్‌లో ఉన్న దస్త్రాల కేంద్రంలో సుమారు 3 కోట్ల పత్రాలున్నాయి. 2007 వరకు పరిశోధకులకు తలుపులు తెరవని ఆ భాండాగారంలో ఇప్పుడు ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. వెతికేటప్పుడు పేరు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి, పుట్టిన ఏడాదిని అటూ ఇటూ జరపాలి.

తేదీల లోటు ఇంకో రకంగా కూడా బాధించింది. యూదులు చనిపోయిన తిథినాడు ఒక రోజంతా వెలిగే దీపం పెట్టి, కద్దిష్ ప్రార్థన చదువుతారు. తిథే తెలియనివాళ్ళకు ఏం చెయ్యాలి? మన దగ్గర అలాంటివాళ్ళకు మహాలయ అమావాస్యనాడు పెడతాం కదా, అచ్చం అలాగే ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల పీఠం యూదు పంచాంగంలోని తేవేత్ నెల పదో రోజును అందరికీ కలిపి నిర్ణయించింది. అప్పుడు హంగరీ పాలనలో ఉన్న కార్పేతియన్ కొండల ఊళ్ళవాళ్ళు చాలామంది రైలు ఆష్విట్జ్ చేరిన రోజునే తిథిగా తీసుకున్నారు. 1944లో షవూత్ పండగ మే 28న వచ్చింది, వాళ్ళ రైళ్ళు చాలావరకు ఆ పండగకు కాస్త అటూ ఇటూ చేరినవే. అందుకే ఒకే ఊరి కుటుంబాలన్నీ ఇప్పటికీ ఒకే సాయంత్రం దీపాలు పెడతాయి.

ఇంత చేసీ పిన్ని పేరు కోసం యాద్ వషేం జాబితాలో వెతికినవాళ్ళకు తరచుగా ఏమీ దొరకదు. 1950ల నుంచి సేకరిస్తున్న ఆ సాక్ష్యపత్రాలు చనిపోయినవాళ్ళ కోసం. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం: పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, వృత్తి, ఎక్కడ ఎలా పోయారు. వృత్తి అన్న చోట ‘చిన్నపిల్ల’ అని రాసి ఉన్నవి లెక్కలేనన్ని. ఇతర దస్త్రాల పేర్లు కూడా కలుపుకుని అక్కడి సేకరణ ఇప్పుడు 50 లక్షల పేర్ల దాకా చేరింది. బతికిన పిన్ని ఉండేది కాగితం అడుగున, ‘నింపినవారు’ అన్న చోట: సంతకం, అప్పటి చిరునామా, తేదీ, చనిపోయిన మనిషికి తానేమవుతుందో. చెల్లెలు అని ఒక కాగితంలో, పిన్ని అని దాని వెనకే ఇంకో మూడింట్లో. నింపినవారి పేరుతో వెతికితే ఆమె రాసిన కాగితాలన్నీ వరసగా బయటికొస్తాయి. ఇంట్లో ఎప్పుడూ ఎత్తని పేర్లు వాటిలో ఉంటాయి.

ఈ వెతుకులాటలో ఆలస్యం చెయ్యకపోవడం మంచిది. 2024 జనవరి నాటికి ప్రపంచం మొత్తమ్మీద 2,45,000 మంది యూదు బాధితులు జీవించి ఉన్నారని పరిహారం వ్యవహారాలు చూసే క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ లెక్కగట్టింది. వాళ్ళలో 61 శాతం ఆడవాళ్ళు. అయితే దాదాపు అందరూ అప్పట్లో పిల్లలు. ఆ రైలు దిగి ‘ఇంకా పనికొచ్చే ఆడవాళ్ళ’ వరసలోకి నడిచిన తరం ఇంచుమించు వెళ్ళిపోయింది. వాళ్ళ పేర్లు వేరేగా కావాలంటే వాషింగ్టన్ మ్యూజియం దగ్గర బతికినవాళ్ళ జాబితా ఒకటి ఉంది. అందులో పేరుండాలంటే ఆమెగానీ ఇంట్లోవాళ్ళుగానీ వివరాలు పంపి ఉండాలి.